ఒడ్డు కనపడని గోదావరి ప్రేమలు

ఏటా దసరా సెలవులు అయిపోయి చలి మొదలయ్యేసరికి ఆఫీసు మెయిళ్ళలోనూ, వాట్సాప్ గుంపుల్లోనూ ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. "చచ్చేలోగా చూడాల్సిన పది ప్రయాణపు సినిమాలు", "ఇవి చూస్తే వెంటనే బ్యాగు సర్దేస్తారు" లాంటి శీర్షికలతో. పేర్లు కూడా ఏటా దాదాపు అవే. 'జిందగీ నా మిలేగీ దొబారా', 'దిల్ చాహ్‌తా హై', 'ఇన్‌టు ద వైల్డ్', 'త్రీ ఇడియట్స్'. తెలుగువాళ్ళం కదా అని చివర్లో మర్యాద కోసం 'గోదావరి' ఒకటీ, 'ఎవడే సుబ్రమణ్యం' ఒకటీ. ఆ వెంటనే ఎవరో ఒకరు "చలో పాపికొండలు" అంటారు, ఇంకొకరు ఎక్సెల్ షీటు తెరుస్తారు, ఆపైన ఎవరు కిటికీ పక్కన, ఎవరికి పై బెర్తు అన్న దాని మీద చర్చ మొదలవుతుంది.

ఈ జాబితాలంటే నాకు ఒళ్ళు మంట. సినిమాలంటే పడక కాదండోయ్, పైన చెప్పిన వాటిలో సగం నేను రెండేసిసార్లు చూశాను. నా గొడవ ఏంటంటే, ఇవి ప్రయాణాల మీద ప్రేమ పుట్టిస్తాయని మనం చెప్పుకుంటున్నాం. ప్రేమించిన చోట ఎవరు బతుకుతున్నారో, ఏం తింటున్నారో, రేపు అక్కడే ఉంటారో లేదో తెలుసుకోవాలని అనిపించాలి కదా? అలా అనిపించకపోతే దానికి మన భాషలో వేరే మాట ఉంది, మోజు. మోజు తీర్చుకోడానికి వెళ్ళొచ్చి ప్రేమ అని పేరు పెట్టుకుంటున్నాం అన్నదే నా ఫిర్యాదు.

నేనుండేది సికింద్రాబాద్‌లో. ఈ ఊరు దండుతో పుట్టి, రైలుతో పెరిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసింది, 1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డప్పుడు దానికి ఈ ఊరే కేంద్రమైంది. అంచేత ప్రయాణం అంటే ఏమిటో తెలుసుకోడానికి మాకు సినిమా అక్కర్లేదు, స్టేషను బయట ఒక గంట నిలబడితే చాలు. పనికోసం ఒడిశా నుంచో, బీహారు నుంచో గుంపులుగా దిగిన కుర్రాళ్ళు, గాంధీ ఆస్పత్రికి దారి అడిగే ముసలాయన, పరీక్ష రాసి రాత్రి బండికి వెనక్కి వెళ్ళే పిల్లలు, పెళ్ళి సామాను మధ్యలో నిద్రపోతున్న కుటుంబాలు. వీళ్ళు మనందరికంటే ఎక్కువ దూరాలు, ఎక్కువ కష్టపడి తిరుగుతారు. కానీ మన లెక్కలో మూట పక్కన కూర్చున్నవాడు ప్యాసింజరు, వీపు మీద ఖరీదైన సంచీ ఉన్నవాడు ట్రావెలరు! ఈ తేడా ఎక్కడ నేర్చుకున్నాం? తెర మీదే. ప్రయాణం అంటే ఉద్యోగంతో విసిగిపోయిన డబ్బున్న కుర్రాడు తనని తాను వెతుక్కోడానికి చేసే పని అని సినిమాలు మనకు ఎక్కించాయి. మరి మిగతావాళ్ళు ఏం వెతుక్కుంటున్నట్టు?

సరే, తెర మీద చూసి వెళ్ళినవాళ్ళ వల్ల ఏమైందో నాలుగు ఉదాహరణలు చూద్దాం. ఇవేమీ రహస్యాలు కావు.

2000లో లియొనార్డో డికాప్రియో నటించిన 'ద బీచ్' వచ్చింది. థాయ్‌లాండ్‌లోని మాయా బే అనే చిన్న తీరంలో తీశారు. ఎవరికీ తెలియని స్వర్గం కోసం వెతకడం కథ. ఆ కథ చూసి లోకమంతా అక్కడికే వెళ్ళింది. పడవల లంగర్లు, జనం తొక్కిడి కలిసి పగడపు దిబ్బలు పాడైపోతే 2018 జూన్‌లో తీరాన్నే మూసేయాల్సి వచ్చింది. మళ్ళీ తెరిచింది 2022 జనవరిలో, అదీ బోలెడు ఆంక్షలతో.

'ఇన్‌టు ద వైల్డ్' సంగతి ఇంకా ఘోరం. 1992లో అలాస్కా అడవిలో పాత బస్సులో ఆకలితో చనిపోయిన ఒక కుర్రాడి నిజమైన కథ అది. 1996లో పుస్తకంగా, 2007లో సినిమాగా వచ్చింది. "ఇలా చెయ్యకండి" అని చెప్పాల్సిన కథని "ఇలా చేసి చూద్దాం" అని చదువుకున్నవాళ్ళు ఆ బస్సుని వెతుక్కుంటూ వెళ్ళారు. 2010లో ఒకరు, 2019లో ఒకరు దారిలో నది దాటబోయి మునిగి చనిపోయారు. చివరికి 2020 జూన్‌లో హెలికాప్టరు పెట్టి ఆ బస్సునే ఎత్తుకుపోవాల్సి వచ్చింది.

మన దగ్గరకొస్తే 2009 నాటి 'త్రీ ఇడియట్స్'. లడాఖ్‌లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున ఇప్పుడు పసుపుపచ్చ స్కూటర్లు అద్దెకిస్తారు, దాని మీద కూర్చుని ఫోటో దిగడానికి. సినిమాలో కనిపించిన స్కూల్లోకి పిల్లలు చదువుకుంటుండగానే జనం వచ్చి పడుతుంటే, ఆ ప్రసిద్ధమైన 'రాంచో గోడ'ని తీసేయాలని 2018లో ఆ బడివాళ్ళే నిర్ణయించుకున్నారు. పిల్లలకు ఇష్టమైన చదువు చదువుకునే హక్కుండాలి అన్నది ఆ సినిమా నీతి. ఆ నీతికి చప్పట్లు కొట్టినవాళ్ళే ఆ పిల్లల్ని చదువుకోనివ్వలేదు. ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇక 2011 నాటి 'జిందగీ నా మిలేగీ దొబారా'కి స్పెయిన్ దేశపు పర్యాటక శాఖే అండగా నిలబడింది. తప్పేం లేదు, వాళ్ళ దేశం వాళ్ళిష్టం. కానీ ఒక దేశం తన సరుకు అమ్ముకోడానికి చేయూతనిచ్చిన సినిమాని మనం ఆత్మాన్వేషణ అనుకుని చూశాం చూడండీ, అదే నవ్వొచ్చే విషయం :)

ఇవన్నీ పరాయి ఊళ్ళు. అసలు నేను చెప్పదలుచుకున్నది మన గోదావరి గురించి.

2006 మే నెలలో 'గోదావరి' వచ్చింది. తీసిన శేఖర్ కమ్ముల గారు మా సికింద్రాబాద్ పద్మారావు నగర్ మనిషే. పైగా ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి సినిమాల్లోకి వచ్చిన మనిషి. అంటే మనవాడు! అంతకు ముప్ఫై మూడేళ్ళ ముందు, 1973లో, బాపు-రమణలు 'అందాల రాముడు' తీశారు. అదీ గోదావరి మీద లాంచీలో భద్రాచలం వెళ్ళే కథే. రెండూ మంచి సినిమాలే, నాకు రెండూ ఇష్టమే. కమ్ముల గారి సినిమాలో వంటవాళ్ళున్నారు, బుడగలమ్ముకునే పిల్లాడున్నాడు, మనసులో మాట వినిపించే కుక్క కూడా ఉంది. అంటే ఆయన మనుషుల్ని వదిలేసి కొండల్ని మాత్రమే చూపించాడని అనడానికి లేదు.

మరి చూసినవాళ్ళం మనం ఏం చేశాం? శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కి, పొద్దున్నే రాజమండ్రిలో దిగి, అక్కడి నుంచి బస్సులో రేవుకెళ్ళి బోటెక్కే ఒక ప్యాకేజీ తయారు చేసుకున్నాం. పైన టిఫిను, మధ్యలో స్పీకర్లు పెట్టి డాన్సులు, మధ్యాహ్నం భోజనం, పేరంటపల్లిలో కాసేపు ఆగడం, అక్కడ గుడి చూసి వెదురుతో చేసిన పువ్వులు కొనుక్కోవడం, వెనక్కి రావడం. ఆదివారం రాత్రి బండెక్కితే సోమవారం పొద్దున మీటింగుకి సమయానికి వచ్చేస్తాం. ఇదీ మన గోదావరి ప్రేమ.

పేరంటపల్లిలో వెదురు పువ్వు అమ్మిన ఆమె కొండరెడ్డి తెగ మనిషి అయి ఉంటుంది. కొండరెడ్లు అంటే ప్రభుత్వం 'ముఖ్యంగా బలహీనమైన గిరిజన తెగలు' అని విడిగా గుర్తించిన వాళ్ళలో ఒకరు. కొండవాలులో పోడు, అడవిలో వెదురు, నదిలో చేపలు, ఇదీ వాళ్ళ బతుకు. ఆ ఊరితో కలిపి ఆ చుట్టుపక్కల మండలాలు 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మారాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. ఎందుకు మారాయి? పోలవరం ముంపు ఒక్క రాష్ట్రంలోనే ఉండాలని. అంటే బోటులో మనం డాన్సు చేసిన నది ఒడ్డున ఉన్నవాళ్ళు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు, తర్వాత ఆ ఇళ్ళ నుంచి కూడా కదలాల్సిన వరసలో నిలబడ్డారు. 'గోదావరి' పాటలన్నీ వరసగా పాడగలిగిన మా స్నేహితుల్ని ఎంతమందిని అడిగినా ఈ ముక్క తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

పోలవరం అంకెలు ఒకసారి చూడండి. ఇంజినీర్లం కదా, అంకెలైనా మన బుర్రకెక్కుతాయి. జలాశయంలో పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్ల ఎత్తు దాకా మునిగే ఊళ్ళను ఖాళీ చేయించాలన్నది లెక్క. మొత్తం మీద కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైగా. మనుషులు కాదండీ, కుటుంబాలు. 2021 జూన్‌లో నదిని పాత దారి నుంచి తప్పించి స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. అప్పట్నుంచి వరదొస్తే ఎగువన దేవీపట్నం వైపు ఊళ్ళలోకి నీళ్ళు రావడం, గండి పోచమ్మ గుడి మునగడం పేపర్లో ఓ మూల కనబడే మామూలు వార్త అయిపోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే. ఎగువ మండలాల్లో జనం రోజుల తరబడి గుట్టలెక్కి కూర్చున్నారు. ఆ వారం మా గుంపులో తిరిగిన సందేశం ఏంటో తెలుసా? "ఈసారి పాపికొండలు క్యాన్సిల్, రీఫండ్ వస్తుందా?"

డ్యాము కావాలా వద్దా అన్న చర్చలోకి నేను దిగడం లేదు. కోస్తా రైతుకి నీళ్ళు కావాలి, విశాఖకి నీళ్ళు కావాలి, ఆ అవసరం అబద్ధం కాదు. నేనడిగేది చాలా చిన్నది. ఆ కొండల్ని, ఆ నీటిని, ఆ పొగమంచుని ప్రేమించామని ఫోటోలు పెట్టుకున్న లక్షల మందిమి, ఆ ఒడ్డు మీది మనుషులకి రావాల్సిన ఇల్లు, భూమి, డబ్బు వచ్చాయా లేదా అని ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదు? ప్రేమించినవాళ్ళు అడక్కపోతే ఎవరడుగుతారు?

ఇక 2019 సెప్టెంబరు 15. ఆదివారం. నదిలో వరద ఉంది. అయినా 70 మందికి పైగా ఎక్కిన 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటక బోటు పాపికొండలకు బయల్దేరి కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. హైదరాబాద్ వాళ్ళున్నారు, వరంగల్ వాళ్ళున్నారు, విశాఖ వాళ్ళున్నారు. బతికి బయటపడింది 26 మంది. బోటుని పైకి తీయడానికి నెల రోజులకి పైగా పట్టింది, అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం తీసింది. ఆ ప్రమాదానికి ఎవరి బాధ్యత ఎంత అన్నది విచారణలు తేల్చాల్సిన విషయం, నేను తీర్పులు చెప్పను.

కానీ ఒక్క విషయం. ఆ 26 మందీ ఎలా బతికారు? చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు తమ పడవలేసుకుని వరదలోకి ఎదురెళ్ళి లాగబట్టి. ఎవరు వాళ్ళు? మనం బోటులోంచి చెయ్యూపితే తిరిగి చెయ్యూపిన వాళ్ళు. మన ఫోటోల్లో కొండ కింద చుక్కలాగా పడ్డవాళ్ళు. ముంపు జాబితాలో పేరున్నవాళ్ళు. నది ఎక్కడ సుడి తిరుగుతుందో, ఏ నీళ్ళలో పడవ వెయ్యకూడదో పుట్టినప్పట్నుంచీ తెలిసినవాళ్ళు. ఆ ఊళ్ళు లేచిపోయాక, ఆ మనుషులు నదికి దూరంగా ఏ పునరావాస కాలనీలోనో సర్దుకున్నాక, ఇంకో బోటుకి ఏదైనా అయితే ఎదురెళ్ళేది ఎవరు? అందమైన లొకేషను అని మనం పేరు పెట్టుకున్న చోట మన ప్రాణాలకి కాపలా ఉన్నది ఆ ఒడ్డు. జాబితాలో ఉన్న పది సినిమాల్లో ఒక్కటి కూడా మనకు ఆ ఒడ్డు గురించి చెప్పలేదు.

ఇప్పుడు మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది: "సినిమా అంటే రెండున్నర గంటల సరదా. దాని నెత్తిన ఇంత బరువు పెడతావేంటి?" నేను సినిమా నెత్తిన పెట్టట్లేదు, చూసిన మన నెత్తిన పెడుతున్నాను. తీయాలనుకుంటే మనుషుల్ని చూపించే ప్రయాణపు సినిమా తీయొచ్చు అనడానికి మన తెలుగులోనే సాక్ష్యం ఉంది, 2008లో క్రిష్ తీసిన 'గమ్యం'. అందులో డబ్బున్న కుర్రాడు బండి మీద వెళ్తుంటే దారి పొడుగునా ఎదురైన మనుషులే కథ. కానీ మీ జాబితాల్లో అది కనబడదు. ఎందుకంటే అందులో ఫోటో దిగడానికి పనికొచ్చే స్థలం లేదు :)

రెండోది: "మనం వెళ్ళబట్టే కదా అక్కడివాళ్ళకి నాలుగు డబ్బులు?" నిజమే. నేను వెళ్ళొద్దు అనట్లేదు. కానీ బోటు టికెట్లో, భోజనంలో, రాత్రి బసలో మనం పెట్టిన డబ్బులో ఒడ్డుకి చేరింది ఎంత, రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఆగిపోయింది ఎంత అని ఎప్పుడైనా అడిగామా? ఒక వెదురు పువ్వు కొని ఊరిని పోషించామని అనుకోవడం మరీ చవగ్గా లేదూ? అందులో కూడా బేరమాడతాం.

మూడోది: "కనీసం సినిమా చూసైనా జనం ఇంట్లోంచి బయటికి వెళ్తున్నారు, అది మంచిదే కదా?" బయటికి వెళ్ళడమే గొప్పయితే స్టేషను ముందు మూటలతో కూర్చున్నవాళ్ళందరికీ సన్మానాలు చెయ్యాలి. వెళ్ళి ఏం చూశాం, ఏం తెలుసుకుని వచ్చాం అన్నదే లెక్క.

"మరి ప్రయాణాల మీద అసలైన ఇష్టం పుట్టించేది ఏంటో నువ్వే చెప్పు" అంటారా? చెప్తాను. వివరం. పుట్టించేది అందం అనుకుంటాం గానీ, అందం ఫోటో దిగేదాకానే లాక్కెళ్తుంది. వివరమే మనిషిని నిలబెడుతుంది, రెండోసారి రమ్మంటుంది.

దీనికి మన భాషలో పెద్ద బాలశిక్ష లాంటి పుస్తకం ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. అంటే ఈ మాట వాడొచ్చో లేదో గానీ, ఆనాటి తెల్లకాలర్ ఉద్యోగి, మన బాపతే. 1830 మే 18న సుమారు వంద మంది పరివారంతో బయల్దేరి, కడప, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్, జబల్పూర్ మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా చూసుకుని, కోస్తా దారిలో 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. దారిలో ఇంగ్లీషు దండున్న మన సికింద్రాబాద్‌నీ చూశాడు. తిరుగు దారిలో గోదావరి దాటాడు, అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, అది 1852కి గానీ పూర్తవలేదు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి రాసిన సంగతులన్నీ 1838లో పుస్తకమయ్యాయి. ఆ పుస్తకం వచ్చేసరికి ఆయన లేడు, 1836లోనే పోయాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు మళ్ళీ వేయించబట్టి మనదాకా వచ్చింది.

ఆ పుస్తకం తెరిస్తే సూర్యాస్తమయాల వర్ణనలు వెతుక్కోవాలి. ఏ మజిలీలో మంచినీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, సత్రం ఉందా లేదా, దారి రాళ్ళదా బురదదా, ఏరు ఎలా దాటాలి, సుంకం ఎవరికి కట్టాలి, ఏ సీమలో జనం ఎలా కట్టుకుంటారు, ఏం తింటారు, ఏ మాట ఎలా అంటారు. ఇవే పేజీలు పేజీలు. చదువుతుంటే మనకి ఆ దారిన వెళ్ళాలని అనిపిస్తుంది. ఎందుకు? తన వెనక వచ్చేవాడు ఒకడుంటాడని, వాడికి ఇవి కావాలని ఆయన అనుకున్నాడు కాబట్టి. ఆయన తన ప్రయాణంలో తనని తాను వెతుక్కోలేదు, నీళ్ళు ఎక్కడున్నాయో వెతికాడు. ఆ వెతుకులాట ఇవాళ మనకి చరిత్ర అయింది.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఆయన పల్లకీలో వెళ్ళాడు, మోసినవాళ్ళు బోయీలు. వాళ్ళలో ఎవరూ పుస్తకం రాయలేదు. ఆ కాలపు కులం కళ్ళజోడు ఆయన పేజీల్లో కనబడుతూనే ఉంటుంది. అయినా సరే, చదివితే ఎవరు మోశారో, ఎంత దూరం మోశారో తెలుస్తుంది. ఇవాళ మన ప్రయాణపు వీడియోల్లో మోసేవాడు ఫ్రేములోకి రాకుండా ఎడిట్ చేస్తాం. రెండు వందల ఏళ్ళలో మనం సాధించిన అభివృద్ధి ఇది.

ఆయన తర్వాత మనకి కరువేం లేదు. నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' ఉంది. దేశాలు కాలినడకన కొలిచిన మాచవరపు ఆదినారాయణ గారి 'భ్రమణ కాంక్ష' ఉంది, ఆయనదే 'స్త్రీ యాత్రికులు' ఉంది. ప్రయాణాలంటే మగవాళ్ళు ముగ్గురు కారేసుకుని వెళ్ళడమే అనుకునే మన జాబితాలకి ఆ రెండోది మందు లాంటిది. హిందీలో రాహుల్ సాంకృత్యాయన్ 1948లో 'ఘుమక్కడ్ శాస్త్ర' అని తిరుగుబోతులకి ఏకంగా శాస్త్రమే రాశాడు. నడిచినవాడికి, పల్లె బస్సెక్కినవాడికి దారిలో మనుషులు తగలక తప్పదు. అందుకే వాళ్ళ పుస్తకాల్లో మనుషులుంటారు. డ్రోను మీంచి చూసేవాడికి మనుషులు కనబడరు, అందులో డ్రోను తప్పేముంది?

టీవీ గురించి కూడా ఒక మాట. 1986లో శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ కోసం 'యాత్ర' తీశాడు. ఎక్కువ భాగం కన్యాకుమారి నుంచి జమ్మూ వెళ్ళే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్‌లోనే. రైలూ, రైల్లో జనం, అంతే. 1990లో మొదలై 2001 దాకా నడిచిన 'సురభి' చూసి ఊరూరి నుంచి జనం పోస్టుకార్డులు రాసేవాళ్ళు. అడిగే ప్రశ్నకి జవాబు రాయాలంటే ముందు ఆ ఊరు గురించి కనుక్కోవాలి కదా. అంటే చూసేవాడికి కూడా కొంచెం పని ఉండేది. ఇప్పటి యూట్యూబు తెలుగు యాత్రికుల్ని చాలామంది తేలిక చేస్తారు గానీ, నా మటుకు నాకు వాళ్ళలో కొందరు సినిమాల కంటే నయం. బస్సుకి ఎంతయింది, గది ఎంతకి దొరికింది, ఎవరింట్లో అన్నం తిన్నారు అని చెప్తారు. తెలిసో తెలియకో వీరాస్వామయ్య గారి దారిలో ఉన్నారు. మిగతా సగం మంది అక్కడి మనుషుల్ని వింత జంతువుల్లా చూపించి నవ్విస్తారు. ఆ సగాన్ని చూడకండి.

సరే, విమర్శించడం తేలికే, ఏం చెయ్యమంటావో చెప్పు అంటారు కాబట్టి చెప్తాను. ఈ చలికాలం మీరు పాపికొండలు వెళ్తున్నారా? వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. కానీ బ్యాగు సర్దేముందు మూడు పనులు చెయ్యండి.

ఒకటి, నది సంగతి కనుక్కోండి. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మీరు వెళ్ళే వారం నీళ్ళెంత ఉన్నాయో ఫోనులో నిమిషంలో తెలుస్తుంది. బోటువాడు లైఫ్ జాకెట్ ఇస్తే ఫోటో బాగా రాదని తీసి పక్కన పెట్టకండి. ఇవ్వకపోతే బోటు ఎక్కకండి.

రెండు, బోటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో ఆ దారిలో రెండు ఒడ్డుల మీదా ఉన్న ఊళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఏది ఖాళీ అయింది, ఏది ఖాళీ అవ్వాలి, వెళ్ళినవాళ్ళు ఎక్కడున్నారు అని బోటు నడిపేవాళ్ళని, పేరంటపల్లిలో వెదురు పువ్వులమ్మే వాళ్ళని అడగండి. ఒక గంట స్పీకరు ఆపితే ఈ మాటలన్నీ మాట్లాడుకోవచ్చు. జవాబులు మీకు నచ్చకపోవచ్చు, ఫర్లేదు, వినండి.

మూడు, తిరిగి వచ్చాక ఫోటోలతో పాటు ఆ కాగితం కూడా పెట్టండి. ఏ ఊరు, ఎవరు, ఏం చెప్పారు. మీ వెనక ఒకడు వస్తాడు, వాడికి కావాలి. పునరావాసం గురించి వార్త వచ్చినప్పుడు ఈసారి మీకు ఒక ముఖం గుర్తొస్తుంది. అప్పుడు అడగడం మొదలుపెడతారు. లక్షల మంది అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం ఎవరికైనా కష్టం.

ఇవి కుదరవు, మాకు టైము లేదు, మేము రిలాక్స్ అవ్వడానికి వెళ్తున్నాం అంటారా? మీ ఇష్టం. సుబ్బరంగా వెళ్ళి రిలాక్స్ అయి రండి. కాకపోతే దాన్ని గోదావరి మీద ప్రేమ అనకండి. ఆ మాట వాడే అర్హత, వరదలో పడవేసుకుని ఎదురెళ్ళినవాళ్ళకి ఉంది.

మళ్ళీ ఆ జాబితా మీ మెయిలుకి వచ్చినప్పుడు ఇంకొకరికి పంపేముందు, పది సినిమాల పేర్ల కింద ఒక ఊరి పేరు చేర్చండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పేరంటపల్లితో మొదలుపెట్టండి.